ప్రయోగాలకు మాత్రమే

మద్దిగుంపు
20 మార్చి 2006

మరదలు వనజకు,

ఇక్కడ మేమంత బాగున్నం. గిట్ల రాయకపోతే వదినకు ఉత్తరం మొదలుపెట్టరాదని నువ్వు నవ్వుతవు, అందుకే రాసిన. నిజం చెప్పాలంటే నేను బాగలేను.

ఇప్పపూలు రాలుతున్నయ్. పొద్దుగాల అడివంత తియ్యటి వాసన. ఈ ఏడు నేను ఏరపోలే. వేళ్లు మడుస్తుంటే మడతవడ్తలేవు. నిద్ర లేచినప్పుడు ఈ చేతులు నావి గావన్నట్టే ఉంటయ్. ఎండ ఎక్కినంక కొంచెం మాట వింటయ్. అంగన్‌వాడిల పిల్లలకు పాట చెప్తుంటే చప్పట్లు కొట్టరాలే. ఒకడు లేచి, "టీచరమ్మా, నువ్వే కొడ్తలేవు, మేమెందుకు కొట్టాలె?" అన్నడు. అందరు నవ్విన్రు, నేను గూడ నవ్విన. ఆయమ్మ జంపక్క తన పని, నా పని రెండూ చేస్తున్నది. సూపర్‌వైజరమ్మ వచ్చిన రోజు మాత్రం గంటె నేనే పట్టుకొని నిలబడ్త.

మీ అన్న సారపాక కాయితం మిల్లుల వెదురు దించే పనికి కుదిరిండు. అక్కడ్నే కిరాయి రూముల ఉంటున్నడు, ఆదివారం ఇంటికొస్తడు. పోయినసారి వచ్చినప్పుడు నన్ను భద్రాచలం దవాఖానకు తీస్కపోయిండు. డాక్టరు మంచోడు, కూసోబెట్టి చెప్పిండు. ఇది చలికో వానకో వచ్చే నొప్పి గాదంట. రోగాలను తరమనీకి ఒంట్ల ఒక కాపలా ఉంటదంట. అది తెలివి తప్పి నా కీళ్ల మీదనే పడ్డదంట. "మనోళ్లే మనల్ని కొడుతున్నరమ్మా" అన్నడు. మాత్రలు రాసిండు.

ఊళ్ల గీ సంగతి ఎవలకు చెప్పినా నా మొకం దిక్కు చూస్తున్నరు. ఎవరో ఏదో చేసిన్రని ఒకరు, వేల్పుకు మొక్కు బాకీ ఉన్నదని ఒకరు. అత్తమ్మ పోయినంక ఈ ఇంట్ల మాట్లాడనీకి గోడలే ఉన్నయ్. పిల్లలన్న లేకపాయె. అందుకే నీకు ఇంత పొడుగు రాస్తున్న.

నీ నౌకరి ఎట్లుంది? ల్యాబు అన్నవ్ గని అండ్ల ఏం చేస్తరో నాకు తెల్వదు. తెలిసేటట్టు రాయి.

నీ వదిన
యశోద

*

హైదరాబాదు
3 ఏప్రిల్ 2006

వదినా,

నీ ఉత్తరం చదివినంక కాసేపు మంచం మీదనే కూసున్న. నీ చేతులు గట్ల అయినయంటే నమ్మబుద్ది కాలే. నాకు జడ వేసేటప్పుడు నెత్తి పగిలేటట్టు లాగిన చేతులు కదా అవి!

ఇంకో సంగతి. మీ డాక్టరు చెప్పిన ఆ కాపలా మీదనే నా పని, తెలుసా? రోగం పోయినంక ఆ కాపలాకు "చాలు, ఇగ ఆగు" అని చెప్పే ప్రోటీను ఒకటి మన ఒంట్లోనే తయారైతది. దాని పేరు ఇంటర్‌ల్యూకిన్-10. దాన్ని చేయించే మనిషి జన్యువును ఒక సూక్ష్మజీవిలో పెడితే, అది మన ప్రోటీనును చేసిపెడతది. అట్ల చేసినదాన్ని శుద్ధి చేసి, ఎండబెట్టి, చిన్న సీసాల్లో ల్యాబులకు అమ్ముతరు. మనిషి ప్రోటీనే కానీ మనిషి నుంచి తీసింది కాదు. చిత్రంగా లేదా?

మాకు బయటి దేశం నుంచి మంచులో పెట్టి పంపిన్రు. పార్సిల్ విప్పినప్పుడు మా ల్యాబు సారు నన్ను పిలిచి, "వనజా, నువ్వు కలుపు. నీ చెయ్యి వణకదు" అన్నరు. నాకంటే పెద్ద చదువులోళ్లు చుట్టూ ఉన్నరు వదినా. ఆ ఒక్క మాటతో ఆ రోజంతా నేల మీద నడవలే.

కీళ్ల జబ్బు ఉన్నవాళ్ల రక్తంలోంచి కణాలు తీసి పళ్లేలలో పెంచుతం. వాటిని రెచ్చగొట్టి, ఈ ప్రోటీను వేసి, శాంతిస్తయా లేదా అని చూస్తం. ఇలాంటిది మందుగా వస్తే నీలాంటోళ్లకు రోజూ మాత్రలు మింగే బాధ తప్పుతది.

నా గురించి బెంగపెట్టుకోకు. ల్యాబులో అందరం కలిసి తింటం, మస్తు నవ్వుకుంటం. హాస్టల్ రూము కూడా మంచిగుంది.

అన్నకు చెప్పు, ఎండలో వెదురు లారీలు దించేటప్పుడు నెత్తికి తువ్వాల కట్టుకోమని.

వనజ

*

మద్దిగుంపు
28 మే 2006

వనజా,

నువ్వు రాసిన ఉత్తరం మడతల కాడ చినిగింది, అన్నిసార్లు చదివిన. జంపక్కకు గూడ చదివి వినిపించిన. "మన గుంపు పిల్ల గింత పని చేస్తున్నదా!" అని నోట్లె ఏలు పెట్టుకున్నది.

తునికాకు కోతలు అయిపోవచ్చినయ్. ఊరికె పోయి కల్లం కాడ కూసున్న, ఇంట్ల ఒక్కదాన్నే ఏం చేయాలె? మాత్రలకు నా మొకం గుమ్మడికాయ తీరుగ ఉబ్బింది. అది చూసి ఆడోళ్లు "మిల్లు కూడు బాగ పట్టింది యశోదకు" అని మూతులు తిప్పుకున్నరు. ఇంటికొచ్చి అద్దం గోడకు బోర్లించిన.

ఇప్పుడు మాత్రలు గూడ తగ్గినయ్. నువ్వు ఉన్నవనే నా ధైర్యం. జల్దీ రావాలె వనజా, రోజూ పోస్టాయన సైకిలు చప్పుడుకే వాకిట్లకొస్తున్న. మీ అన్నకు ఇంక చెప్పలే. వచ్చినంక చూసి ఆయనే ఆశ్చర్యపోవాలె.

ఉంట,
యశోద

*

హైదరాబాదు
15 జూన్ 2006

వదినా,

జల్దీ రావాలె అని నువ్వు రాసిన కాడ నా కండ్లు ఆగిపోయినయ్. నన్ను రమ్మని ఇంత గట్టిగ ఎవరూ అడగలే. కానీ కొంచెం ఆలస్యమైతది. ఇప్పుడు ప్రయోగం మధ్యలో ఉంది, కణాలను వదిలిపెట్టి వస్తే చచ్చిపోతయ్. వాటికి ఆదివారం కూడా తెల్వదు. కొత్త పంట తినే కొత్తల పండుగకు మాత్రం తప్పకుండ.

మాత్రలు తగ్గినయంటే ఎంత సంతోషమో! డాక్టరు తగ్గించిండంటే జబ్బు అదుపులకి వచ్చినట్టే. మొకం వాపు కూడా మెల్లగ పోతది, అద్దం మళ్ల తిప్పిపెట్టు.

వచ్చేటప్పుడు నీ చేతుల కోసం ఒకటి తెస్త. ఏందో ఇప్పుడే చెప్ప. అప్పటిదాక ఓపిక పట్టు.

విత్తనాల ముందటి భూమి పండుగ అయిందా? అన్న వేటకు పోయిండా, లేక మిల్లోళ్లు సెలవియ్యలేదా? ఇక్కడ వాన పడితే మట్టి వాసన కూడా రాదు, అంతా సిమెంటు. మన కోయ మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో. నిన్న బాత్రూంలో ఒక్కదాన్నే మాట్లాడుకున్న. బయట ఎవరో తలుపు కొట్టి "లోపల ఇద్దరున్నరా?" అన్నరు.

వనజ

*

హైదరాబాదు
24 జూలై 2006

వదినా,

భద్రాచలం నుంచి వచ్చి వారం దాటింది. రోజూ రాద్దామని కూసుంటున్న, లేస్తున్న.

ఆ రోజు అన్న ఎస్టీడీ బూతు నుంచి హాస్టల్‌కు ఫోన్ చేసిండు. "మీ వదిన అంగన్‌వాడిల కూలబడ్డది, వాంతులు, నాడి అందుతలేదు, దవాఖానల వేసినం" అన్నడు. ఇంక ఏమడిగినా ఏడుపే. మణుగూరు రైలుకు భద్రాచలం రోడ్డు స్టేషన్ల దిగి, బస్సెక్కి, గోదావరి వంతెన దాటే దాకా నా లోపల నేను లేను.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఈ మాత్ర మెల్లగ దించాలె తప్ప ఒక్కసారి ఆపొద్దు. ఈమె మొత్తం బందు పెట్టింది. ప్రాణం మీదికి తెచ్చుకున్నది" అన్నడు. అప్పుడు కూడా నాకు అర్థం కాలే. తగ్గినయని కదా రాసినవ్ అనుకున్న.

నువ్వు కండ్లు తెరిచి నన్ను చూసి "తెచ్చినవా?" అన్నవ్. నేను పిచ్చిదాన్ని, సంచిలోంచి ఎర్ర ఉన్ని గ్లౌజులు తీసి నీ చేతుల్ల పెట్టిన. నువ్వు వాటిని చూసి, "ఇవి గాదు. ఆ పొడి" అన్నవ్. అన్న నా దిక్కు చూసిండు. నేను "అది మందు కాదు వదినా" అన్న. నువ్వు గోడ దిక్కు తిరిగినవ్. నేను వచ్చేదాక మళ్ల ఇటు తిరగలే.

నేను రాసింది నువ్వు ఒక తీరుగ చదివినవ్, నువ్వు రాసింది నేను ఒక తీరుగ చదివిన. ఎదురెదురుగ కూసుంటే అరనిమిషంలో తెలిసిపోయేది. మాత్రలు మాత్రం మళ్ల మానకు. ఒక్క ముక్క రాయి, తిట్టినా సరే.

వనజ

*

హైదరాబాదు
12 ఆగస్టు 2006

వదినా,

టీవీలో భద్రాచలం చూపిస్తున్నరు. వీధుల్లో నాటు పడవలు తిరుగుతున్నయ్. మద్దిగుంపు పేరు ఎవరూ చెప్పరు. మెస్సులో అందరూ తింటూ చూస్తున్నరు. ఒకామె "అయ్యో పాపం" అని పెరుగు వడ్డించుకున్నది. అది మా ఊరి దారి అని చెప్పబుద్ది కాలే.

మన గుంపు మిట్ట మీదుంది, నీళ్లు రావని తెలుసు. కానీ వాగు పొంగితే దవాఖానకు దారుండదు. మాత్రలు ఉన్నయా? అన్న మిల్లు కాడ చిక్కుకుంటే నీకు నీళ్లెవరు తోడిస్తున్నరు?

ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతదో తెల్వదు. అయినా రాస్తున్న.

వనజ

*

మద్దిగుంపు
9 అక్టోబరు 2006

వనజకు,

నీ ఉత్తరాలు వరద తీసినంక అన్నీ కలిపి ఒక్కపాలె వచ్చినయ్, తడిసి అట్టలు కట్టి. ఆరబెట్టి చదివిన. బతికే ఉన్న. వాగు పొంగిన రోజులల్ల జంపక్క మా ఇంట్లనే పండుకున్నది.

రాయొద్దనుకున్న. కడుపుల పెట్టుకుంటే ఇంక మండుతున్నది, అందుకే రాస్తున్న.

నేను పదో తరగతి చదివినదాన్ని, నీ అంత తెల్వదు. అయితే ఒకటి తెలుసు. నా ఒంట్ల ఏది తప్పిందో దాన్నే ఆపే వస్తువు నీ చేతుల ఉన్నది. నువ్వే రాసినవ్, నీ చేతులతోనే కలుపుతున్నవంట. ఎవలదో రక్తం పళ్లెంల పోసి దానికి ఇస్తున్నరు. మనిషికి ఇయ్యరు, రక్తానికి ఇస్తరు! కొంచెం తీస్తే ఎవలకు తెలుస్తది? సర్కారు దవాఖానల సూది వేసేటోళ్లు లేరా?

ఇదే మీ అన్నకొస్తే ఊకుంటవా వనజా? నేను బయటి నుంచి వచ్చినదాన్ని. నువ్వు చిన్నగున్నప్పుడు ఈ ఇంట్లకొచ్చిన, నిన్ను హాస్టల్ల దింపి రావాల్సి వస్తే నేనే తోలుకపోయిన. అప్పుడు నా పైట ఇడువకుండ ఏడ్చినవ్. ఇప్పుడు నౌకరి పోతదని నీకు భయం. కాదని చెప్పు.

గ్లౌజులు జంపక్క కోడలికి ఇచ్చిన.

యశోద

*

హైదరాబాదు
18 అక్టోబరు 2006

వదినా,

తిట్టినా సరే రాయమన్న, రాసినవ్. మంచిగైంది.

నౌకరి భయం కాదు. నీ మీద ఒట్టు వేసి చెప్తున్న. ఉన్నదున్నట్టు రాస్త, ఈసారి ఒక్క మాట కూడా తీపిగ రాయను, తీపి రాసే నిన్ను అంతదాక తెచ్చిన.

ఆ సీసా మీద "ప్రయోగాలకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని ఉంటది. ఊరికే రాసింది కాదు. అది సూక్ష్మజీవిలో చేసింది. ఎంత శుద్ధి చేసినా ఆ సూక్ష్మజీవి మురికి అణువంత మిగిలిపోవచ్చు. పళ్లెంలో కణాలకు ఆ మాత్రం పనికొస్తది. మనిషి నరంలోకి పోతే చలిజ్వరం వచ్చి ప్రాణమే పోవచ్చు. మనుషుల కోసం చేసేది వేరే, దానికి పరీక్షలు వేరే. మా సీసాకు అవేం లేవు. మనిషికి ఎంత ఇయ్యాలెనో, ఎన్నాళ్లు ఇయ్యాలెనో మాకెవ్వరికీ తెల్వదు. సీసాలో ఉన్నది పళ్లేలకే సరిపోదు.

ఇంకొకటి కూడా వినాలె. మందు తీరుగ శుద్ధి చేసిన ఇదే ప్రోటీనును బయటి దేశాల్లో కీళ్ల జబ్బోళ్లకు ఇచ్చి చూసిన్రంట. అనుకున్నంత మేలు కాలేదంట. సారును అడిగితే చెప్పిన్రు. "మరి మనమెందుకు చేస్తున్నం సార్?" అన్న. "ఎందుకు కాలేదో తెలుసుకోవాలి కదా" అన్నరు.

అన్న ఫోన్ చేసిన రోజు, బయలుదేరే ముందు ల్యాబుకు పోయిన. ఫ్రీజర్ తలుపు తీసి ఆ సీసా చేతిలకి తీసుకున్న. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటే అది కూస్తది. అది కూసేదాక అట్లనే నిలబడ్డ. మళ్ల లోపల పెట్టిన. నువ్వు అడుగుతవని అప్పటికి నాకు తెల్వదు వదినా. అయినా తీసిన. అన్నకొస్తే ఊకుంటవా అన్నవ్. అన్నకొచ్చినా గట్లనే తీద్దును, గట్లనే మళ్ల పెడుదును.

హాస్టల్ల నన్ను దింపిన రోజు నాకు మంచిగ యాదున్నది. నువ్వు బస్సెక్కినంక కిటికీలకెళ్లి చూడలే. ఏడుస్తున్నవని అప్పుడు తెల్వలే.

మాత్రలు వేసుకుంటున్నవా? అది రాయి చాలు.

వనజ

*

మద్దిగుంపు
3 డిసెంబరు 2006

వనజా,

వేసుకుంటున్న. పొద్దుగాల గటక తాగి వేసుకుంటున్న. మీ అన్న ఆదివారం వచ్చి మాత్రల డబ్బా చూస్తడు, బడి పిల్లను చూసినట్టు.

నీ ఉత్తరానికి జల్దీ జవాబు రాయలే. కోపమొచ్చి గాదు. కోపం పోతే దాని జాగల ఏమున్నదో చూస్తే ఏం లేదు, అది రాయనీకి భయమైంది. ఇన్ని నెలలు ఆ పొడి వస్తదని ఒక ఆశ, ఇయ్యలేదని ఒక కోపం, రెండిటితోని పొద్దు గడిచింది. ఇప్పుడు రెండూ లేవు. నొప్పి ఒక్కటే ఉన్నది. దానితోని ఇల్లంత నిశ్శబ్దం.

వరి కొత్త తిన్నం. నువ్వు రాలే. పెద్దలకు పెట్టే ముంత కాడ నీ పేరు మీద ఒక ఆకుల అన్నం పెట్టిన. వేళ్లు వంకర తిరుగుతున్నయ్, ఈ ఉత్తరం మూడు పూటల రాసిన, అందుకే అక్షరాలు కోడి కాళ్ల తీరుగున్నయ్.

ఒకటి అడుగుత. పళ్లేలల్ల పోసే రక్తం ఎవలది? వాళ్లను పైసలిచ్చి తెస్తరా, బతిమిలాడుతరా? నా రక్తం పనికొస్తదా? నా ఒంట్ల కాపలాకు గూడ అది చెప్తే వింటదో లేదో చూడు. నాకు మందు గావాలని అడుగుతలేను, సమజయింది. ఊరికె తెలుసుకోవాలని ఉన్నది.

యశోద

*

హైదరాబాదు
14 డిసెంబరు 2006

వదినా,

నీ రక్తం కోసం నిన్ను ఇంత దూరం రమ్మంటనా? ఇక్కడి పెద్ద దవాఖానలో కీళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే కొంచెం తీస్తరు. పైసలివ్వరు.

కానీ ఆ డాక్టరు కోసమైతే రా. భద్రాచలంలో ఇచ్చే మాత్ర మంటను అణుచుతది కానీ కీళ్లు వంకరపోకుండ చేసే మందులు వేరే ఉన్నయంట. అన్నతో రా. నేను చీటీ రాయిస్త. ముందు నువ్వు చూపించుకో. రక్తం సంగతి అక్కడ వాళ్లు అడుగుతరు, వద్దనాలనిపిస్తే వద్దను.

స్టేషనుకు నేనే వస్త. ఈసారి వస్త అని రాసినప్పుడు, వచ్చేది ఆ పొడి కాదు, నేనే అని చదువుకో.

వనజ

*

మద్దిగుంపు
11 ఫిబ్రవరి 2007

వనజా,

మంచిగ చేరినం. బండిల మీ అన్న నిలబడే నిద్రపోయిండు.

ఆ డాక్టరమ్మ వారానికొక్కసారి వేసుకొమ్మన్న మాత్ర మొదలువెట్టిన. అది వేసుకున్న మర్నాడు కడుపుల తిప్పుతది. అయినా ఆమె చెప్పినట్టు నెలలు పడ్తదంట, చూస్త. వారానికొక్కసారే అని మీ అన్న క్యాలెండరు మీద బొగ్గుతోని గీతలు కొట్టిండు, నేను రోజూ మింగుతనేమోనని ఆయనకు బుగులు.

రక్తం ఇచ్చేటప్పుడు ఏం అనిపియ్యలే. నువ్వు బయట నిలబడి ఎందుకు ఏడ్చినవో నాకు తెల్వదు.

నన్ను ల్యాబుకు తోలుకపోయి ఆ సీస చూపించినవ్ గదా. ఖాళీ సీస చూపిస్తున్నవేమో అనుకున్న. అడుగున ఏదో మసక తీరుగ, అది గూడ వెలుతురుకు పెడితేనే. గింత దానికి నేను అన్ని నెలలు నీ మీద పగ పెట్టుకున్ననా అని సిగ్గయింది. ఉప్పు రవ్వంతన్న ఉంటదనుకున్న.

ఇంకొకటి చూసిన. రాయాల్నా వద్దా అని ఇన్ని రోజులు ఆగిన. పగటి పూట నేను నీకు చెప్పకుండ మళ్ల ల్యాబు కాడికి వచ్చిన, అన్నం తిన్నవో లేదోనని. జనరేటరు వెనక మెట్ల మీద ఒక్కదానివే కూసొని తింటున్నవ్. డబ్బా ఒళ్లె పెట్టుకొని. లోపల అందరూ ఒక బల్ల చుట్టూ కూసున్నరు. నేను వెనకకు మళ్లిన. నీ రూముల ఒక్కటే పళ్లెం, ఒక్కటే గిలాస. మాకు తిండి పెట్టనీకి పక్క రూము పిల్లను పళ్లేలు అడిగినవ్. ఆ పిల్ల "ఇన్నాళ్ల సంది ఏమీ అడగలేదు, ఇదే మొదలు" అన్నది.

వాళ్లు నిన్ను తిడ్తలేరు, కొడ్తలేరు. 'వనజ గారు' అంటున్నరు. అట్లనే దూరం పెట్టిన్రు. నేను అర్థం చేసుకున్న. అందరం కలిసి తింటమని నువ్వు రాసినవ్. నేను మాత్రలు తగ్గినయని రాసినట్టే.

నా నొప్పి నాకే పెద్దదనుకున్న. ఈడ నాకు జంపక్క ఉన్నది, తిట్టనీకి మీ అన్న ఉన్నడు, చప్పట్లు కొట్టమనే పిల్లలున్నరు. నీకు ఆ కణాలున్నయ్.

తిను. మెట్ల మీద తిన్నా కడుపునిండ తిను.

నీ వదిన
యశోద

*

హైదరాబాదు
22 ఏప్రిల్ 2007

వదినా,

నువ్వు మెట్ల దాకా వచ్చినవని తెల్వదు. ఆ పేజీని మడతపెట్టి పక్కకు పెట్టిన. దాని గురించి రాసుడు నాకు చాతనైతలేదు. నీ రక్తం గురించి రాస్త, అది చాతనైతది.

సీసాల మీద పేర్లు ఉండవు, నంబర్లే. ఎవరిదో మాకు తెల్వొద్దని అట్ల పెడతరు. కానీ ఆ రోజు వచ్చింది ఒక్కరి రక్తమే. కాబట్టి నాకు తెలిసిపోయింది. అది సారుకు చెప్పిన. "అయితే ఆ పళ్లెం ఫలితం నువ్వు చదవొద్దు, వేరేవాళ్లు చదువుతరు" అన్నరు. అదే న్యాయం.

కణాలను పళ్లెంలో చిన్న చిన్న గుంటల్లో పోసి రెచ్చగొట్టినం. కొన్ని గుంటల్లో ప్రోటీను వేసినం, కొన్నిట్లో వెయ్యలే. మర్నాడు వాపు పుట్టించే పదార్థం ఎంత ఉందో రంగు వేసి చూస్తం. ఎక్కువుంటే ముదురు పసుపు, తక్కువుంటే రంగే ఉండదు. వెయ్యని గుంటలు చిక్కటి పసుపు అయినయ్, బంతిపూల తీరుగ. వేసిన గుంటలు నీళ్ల తీరుగ తెల్లగున్నయ్. చదివినామె "చాలా బాగా వచ్చింది" అని నవ్వింది. నేను పళ్లెం చేతిల పట్టుకొని కిటికీ దగ్గరికి పోయిన. ఆ తెల్ల గుంటల్లో నీ కాపలా ఆగింది వదినా. చెప్పితే విన్నది.

అయితే గది పళ్లెంలనే. సంబరపడకు, నేను పడ్డ, నువ్వు పడకు. ఇంకొకరి రక్తంలో సగమే పనిచేసింది, ఇంకొకరిలో అసలు పనిచెయ్యలే. పళ్లెంలో విన్న మాట ఒంట్లో వింటదని లేదు. ఇది మందైతదో కాదో, అయితే ఎప్పుడైతదో సారుకు కూడా తెల్వదు. నీకు అందదు వదినా. ఈసారి సూటిగ రాస్తున్న. నీకు ఇది అందదు. నువ్వు ఆ వారం మాత్రనే నమ్ముకోవాలె.

ఆ మర్నాడు పళ్లెం పారెయ్యాలె. అన్నీ మందు నీళ్లల్లో ముంచి సంచిలో వేస్తం. నేను రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం ఇంకొకరిని వెయ్యమన్న.

నీ చేతులు ఎట్లున్నయ్?

వనజ

*

మద్దిగుంపు
6 మే 2007

వనజా,

చేతులు కొంచెం నయం. వంకరపోయినయి వంకరనే ఉన్నయ్, డాక్టరమ్మ చెప్పింది గదా, అవి రావంట. పొద్దుగాల జల్దీ వింటున్నయ్. నిన్న పిల్లలతోని చప్పట్లు కొట్టిన. చప్పుడు రాలే, అయినా వాళ్లు ఊకున్నరు.

నీ ఉత్తరం చదివి జంపక్క అడిగింది, "అయితే నీకు నయమైనట్టా, కానట్టా?" అని. కాలే అని చెప్పిన. మరెందుకు నవ్వుతున్నవ్ అన్నది. నా రక్తం ఒక పూటన్న హాయిగున్నది, మా వనజ ముంగట ఉన్నది అని చెప్పిన. ఆమెకేం సమజయిందో, తలూపింది.

అందదని రాసినవ్. మంచిగ చేసినవ్. ఇట్ల రాస్తేనే నాకు నచ్చుతది.

మీ సారును అడుగు, ఇంకోసారి చూడాల్నంటే మళ్ల రక్తం కావాలెనా అని. ఆయన వద్దన్నా నువ్వు నాకు కావాలనే రాయి. నిన్ను చూడబుద్దయితున్నది, నాకు ఒంటరిగున్నది అని రాసుడు నీకు రాదు. మీ అమ్మకు గూడ రాకుండె. రక్తం కావాలె అని రాయి, నేను సమజ్ చేసుకుంట. మీ అన్న సెలవు పెట్టకపోతే జంపక్కను తోలుకొని వస్త, బండి ఎట్ల ఎక్కాలెనో ఇప్పుడు నాకు తెలుసు.

ఇంకో పళ్లెం కొను. ఇంకో గిలాస గూడ.

యశోద